తేనెపెట్టెలో నల్లి

తొండేభావి చుట్టుపట్ల తేనెపెట్టెలు పెట్టిన మనవారికి ఒక మాట. వరోవా అనే ఎర్రని నల్లి మన తొర్ర తేనెటీగకు పాత చుట్టమే. ఆ ఈగ దాన్ని గిల్లి పారవేయగలదు. ఇటాలియన్ ఈగకు ఆ నేర్పు తక్కువ, ఏమరితే పెట్టే పాడుపడుతుంది.

దీనికి ఆగ్జాలిక్ ఆమ్లం (చుక్కకూర పులుపులో ఉండేదే) మంచి మందు. పంచదార, నీళ్లు సమపాళ్లుగా కలిపిన లీటరు పాకంలో 35 గ్రాములు కరిగించి, పట్టుల నడిమి సందుకు 5 మిల్లీలీటర్ల చొప్పున ఈగలమీద పోస్తారు. పెట్టెకు 50 దాటరాదు. అయితే మూత వేసిన పిల్లగదిలోని నల్లిని ఈ మందు అంటదు. చలిదేశాల్లో శీతకాలం రాణి గుడ్లు మానుతుంది; మన ఎండసీమలో సాధారణంగా మానదు గదా! కనుక రాణిని 25 రోజులు చిన్న పంజరంలో ఉంచి, పిల్లలన్నీ బయటపడ్డాక పోయాలి. అంత ఓపిక లేనివారు మందు దండుగ చేసుకోవద్దని మా మనవి. తేనె అరలు ముందే తీసివేయాలి. చేతికి తొడుగు, కంటికి అద్దాలు మరువరాదు.