మీ క్రిప్టో తాళం ఎవరి దగ్గరుంది? ఎక్స్‌ఛేంజ్‌లో ఉంచాలా.. సొంత వాలెట్‌లోకి మార్చాలా.. ఏది సేఫ్?

యాప్ ఓపెన్ అవుతోంది. బ్యాలెన్స్ కనిపిస్తోంది. కానీ ఒక్క కాయిన్ కూడా బయటకు రావడం లేదు! 2024 జూలై 18 తర్వాత వజీర్‌ఎక్స్ యూజర్లు ఏడాదికి పైగా చూసింది ఇదే.

ఆ రోజు హ్యాకర్లు ఆ ఎక్స్‌ఛేంజ్ వాలెట్ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల క్రిప్టోను తరలించుకుపోయారు. మన లెక్కలో 1,900 కోట్ల రూపాయలకు పైనే. ఎక్స్‌ఛేంజ్ దగ్గరున్న మొత్తం క్రిప్టోలో దాదాపు సగం. దీని వెనక ఉత్తర కొరియా హ్యాకర్లు ఉన్నారని 2025 జనవరిలో అమెరికా, జపాన్, దక్షిణ కొరియా ఉమ్మడిగా ప్రకటించాయి.

హ్యాక్ జరిగిన రోజు బిట్‌కాయిన్ ధర 64 వేల డాలర్ల దగ్గర ఉంది. అదే ఏడాది డిసెంబర్‌లో లక్ష డాలర్లు దాటింది. అమ్ముకుందామంటే యూజర్లకు దారి లేదు. సింగపూర్ కోర్టులో పునర్వ్యవస్థీకరణ స్కీమ్‌కు ఆమోదం వచ్చి, ట్రేడింగ్ మళ్లీ మొదలయ్యేసరికి 2025 అక్టోబర్ వచ్చేసింది. అప్పుడు కూడా మొత్తం ఒకేసారి చేతికి రాలేదు. మిగిలిన దానికి రికవరీ టోకెన్లు ఇచ్చారు.

మరి క్రిప్టో కొన్నవాళ్లు దాన్ని ఎక్కడ దాచుకోవాలి? ఎక్స్‌ఛేంజ్ సేఫా? సొంత వాలెట్ సేఫా? ఒక్కొక్కటిగా చూద్దాం.

వాలెట్‌లో నిజంగా ఏముంటుంది?

చాలామంది వాలెట్‌లో కాయిన్లు ఉంటాయనుకుంటారు. ఉండవు. ఎవరి పేరున ఎన్ని కాయిన్లు ఉన్నాయన్న లెక్క బ్లాక్‌చెయిన్‌లో ఉంటుంది. వాలెట్‌లో ఉండేది వాటిని కదిలించే తాళం. దాన్నే ప్రైవేట్ కీ అంటారు. ఆ తాళం ఎవరి దగ్గరుంటే కాయిన్లు కదిలించే పవర్ వాళ్లదే.

ఎక్స్‌ఛేంజ్ యాప్‌లో కొని అక్కడే వదిలేస్తే తాళం కంపెనీ దగ్గర ఉంటుంది. మీ ఫోన్‌లో కనిపించే నంబర్ 'మీకు ఇంత ఇవ్వాలి' అని కంపెనీ రాసుకున్న లెక్క మాత్రమే. మన బంగారాన్ని బ్యాంక్ లాకర్‌లో పెట్టడం లాంటిది కాదిది. లాకర్‌కు మన దగ్గరా ఒక తాళం ఉంటుంది. ఇక్కడ అది కూడా ఉండదు.

'ఎఫ్‌ఐయూ రిజిస్టర్డ్' అంటే డబ్బు సేఫ్ అనా?

కాదు. ఇక్కడే చాలామంది పొరపాటు పడుతున్నారు. క్రిప్టో ఎక్స్‌ఛేంజ్‌లను 2023 మార్చిలో మనీ లాండరింగ్ నిరోధక చట్టం కిందకు తెచ్చారు. అందుకే అవి ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి. కస్టమర్ల కేవైసీ, అనుమానాస్పద లావాదేవీల రిపోర్టింగ్ కోసం పెట్టిన రూల్ అది. హ్యాక్ జరిగితే మీ డబ్బు వెనక్కి ఇస్తామన్న గ్యారంటీ అందులో లేదు.

బ్యాంక్ దివాలా తీస్తే డిపాజిట్లకు 5 లక్షల వరకు బీమా ఉంది. క్రిప్టోకు అలాంటి బీమా లేదు. 30 శాతం ట్యాక్స్ మాత్రం ఉంది. నష్టం వస్తే వేరే లాభంలో సర్దుకునే వీలు కూడా లేదు.

వజీర్‌ఎక్స్ యూజర్ ఒకరు వేసిన కేసులో మద్రాస్ హైకోర్టు 2025 అక్టోబర్‌లో కీలక వ్యాఖ్యలు చేసింది. క్రిప్టో కూడా ఆస్తేనని, దాన్ని వేరొకరి తరఫున ట్రస్ట్‌లో ఉంచవచ్చని చెప్పింది. ఇన్వెస్టర్లకు ఇది మంచి వార్తే. కానీ తన కాయిన్లను కాపాడుకోవడానికి ఆ యూజర్ కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. మనలో ఎంతమంది ఆ పని చేయగలరు?

అన్ని హ్యాక్‌లూ ఒకేలా ముగియవు. 2025 జూలైలో కాయిన్‌డీసీఎక్స్ నుంచి సుమారు 378 కోట్ల రూపాయలు పోయాయి. పోయింది కంపెనీ సొంత ఆపరేషనల్ అకౌంట్ నుంచేనని, కస్టమర్ల డబ్బు సేఫ్ అని, నష్టాన్ని తామే భరిస్తామని కంపెనీ ప్రకటించింది. అంటే రిస్క్ ఒక్కటే. దెబ్బ ఎవరి మీద పడుతుందన్నది మాత్రం ఆ కంపెనీ ఖజానా మీద ఆధారపడి ఉంటుంది. అది బయట నుంచి మనకు కనిపించదు.

సొంత వాలెట్ అయితే టెన్షన్ లేనట్టేనా?

అలా కూడా కాదు. సొంత వాలెట్‌లో రెండు రకాలున్నాయి. మెటామాస్క్, ట్రస్ట్ వాలెట్ లాంటి ఫోన్ యాప్‌లు మొదటి రకం. తాళం మీ దగ్గరే ఉంటుంది కానీ ఫోన్ ఎప్పుడూ నెట్‌కు కనెక్ట్ అయి ఉంటుంది. లెడ్జర్, ట్రెజర్ లాంటి హార్డ్‌వేర్ వాలెట్లు రెండో రకం. చూడటానికి పెన్‌డ్రైవ్‌లా ఉంటాయి. తాళం ఆ డివైజ్ దాటి బయటకు రాదు. అందుకే పెద్ద మొత్తాలకు ఇదే మేలు.

కానీ చాలా సొంత వాలెట్లు సెటప్ చేసేటప్పుడు సాధారణంగా 12 లేదా 24 ఇంగ్లిష్ పదాలు ఇస్తాయి. అదే సీడ్ ఫ్రేజ్. డివైజ్ పోయినా, పగిలిపోయినా ఆ పదాలుంటే మొత్తం తిరిగి వస్తుంది. ఆ పదాలు పోతే, డివైజ్ కూడా పోతే.. ఇక అంతే. ఫర్గాట్ పాస్‌వర్డ్ బటన్ ఉండదు. ఫోన్ చేయడానికి కస్టమర్ కేర్ ఉండదు.

బ్రిటన్‌లోని న్యూపోర్ట్‌కు చెందిన జేమ్స్ హోవెల్స్ కథ ప్రపంచమంతా తెలుసు. సుమారు 8 వేల బిట్‌కాయిన్ల కీ ఉన్న హార్డ్ డిస్క్ 2013లో చెత్తలోకి వెళ్లిపోయింది. డంపింగ్ యార్డ్ తవ్వుకోనివ్వండంటూ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 జనవరిలో కోర్టు ఆయన కేసు కొట్టేసింది. ఆయన్ను ఏ హ్యాకరూ దోచుకోలేదు!

స్క్రీన్‌షాట్ తీశారా? డేంజర్!

సీడ్ ఫ్రేజ్ రాగానే చాలామంది చేసే మొదటి పని స్క్రీన్‌షాట్. లేదా వాట్సాప్‌లో తమకు తామే పంపుకోవడం. సరిగ్గా దీని కోసమే దొంగలు చూస్తున్నారు. 2025 ఫిబ్రవరిలో కాస్పర్‌స్కీ సంస్థ 'స్పార్క్‌క్యాట్' అనే మాల్వేర్‌ను బయటపెట్టింది. గూగుల్ ప్లే, యాపిల్ యాప్ స్టోర్‌లలోని కొన్ని యాప్‌లలోనే అది దాక్కుంది. గ్యాలరీకి పర్మిషన్ ఇస్తే చాలు, ఫొటోల్లోని అక్షరాలు చదివి సీడ్ ఫ్రేజ్‌లు వెతికి పంపేస్తుంది.

ఇంకో విషయం. హార్డ్‌వేర్ వాలెట్ ఉన్నా గుడ్డిగా ఓకే కొడితే కాపాడలేదు. 2025 ఫిబ్రవరిలో బైబిట్ ఎక్స్‌ఛేంజ్ నుంచి 150 కోట్ల డాలర్ల ఈథర్ పోయింది. అది కోల్డ్ వాలెట్. ఒక్కరు కాదు, పలువురు సంతకం పెడితేనే కదులుతుంది. వాళ్లు వాడే స్క్రీన్‌నే హ్యాకర్లు మార్చేశారు. స్క్రీన్ మీద మామూలు ట్రాన్స్‌ఫర్‌లా కనిపించింది, వాళ్లు సంతకాలు పెట్టేశారు. కంప్యూటర్ స్క్రీన్‌ను కాదు, డివైజ్ మీద చిన్న అక్షరాల్లో వచ్చే అడ్రస్‌ను చదవాలని చెప్పేది అందుకే.

మరి మీకు ఏది సెట్ అవుతుంది?

మూడు ప్రశ్నలు వేసుకోండి. ఎంత ఉంది? ఎన్నాళ్లు ఉంచుతారు? మీకేదైనా అయితే ఇంట్లో వాళ్లకు దొరుకుతుందా?

* పోయినా తట్టుకోగలిగే చిన్న మొత్తం, తరచూ కొని అమ్మేవాళ్లు: ఎక్స్‌ఛేంజ్‌లో ఉంచొచ్చు. ఎస్‌ఎంఎస్ ఓటీపీ బదులు ఆథెంటికేటర్ యాప్ పెట్టుకోండి. ఎందుకంటే సిమ్ స్వాప్ చేస్తే ఓటీపీ దొంగ ఫోన్‌కే వెళ్తుంది.

* పోతే నెలల తరబడి బాధపడేంత మొత్తం, ఏళ్లు ఉంచాలనుకునేవాళ్లు: హార్డ్‌వేర్ వాలెట్ బెటర్. కంపెనీ వెబ్‌సైట్ నుంచే కొనండి. సెకండ్ హ్యాండ్ వద్దు. బాక్స్‌లో ముందే రాసిపెట్టిన సీడ్ ఫ్రేజ్ కార్డు వస్తే అది మోసం. ఆ పదాలను డివైజ్ మీ కళ్ల ముందు కొత్తగా చూపించాలి.

* 24 పదాలను జాగ్రత్త చేయలేం, కాగితాలు ఎక్కడ పెట్టామో మర్చిపోతాం అనుకునేవాళ్లు: ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. సొంత వాలెట్ మీకు ఎక్స్‌ఛేంజ్ కంటే ఎక్కువ రిస్క్. మొత్తం తగ్గించుకోవడమే దారి.

పదాలను కాగితంపై పెన్నుతో, వరుస నంబర్లు వేసి, ఇంగ్లిష్‌లో ఉన్నవి ఉన్నట్టే రాయండి. తెలుగు లిపిలోకి మార్చొద్దు, అర్థం రాసుకోవద్దు. 2,048 పదాల ఫిక్స్‌డ్ లిస్ట్ నుంచి వస్తాయవి. ఒక్క అక్షరం తేడా వచ్చినా తర్వాత తిప్పలే. రెండు కాపీలు, రెండు వేర్వేరు చోట్ల పెట్టండి.

పెద్ద మొత్తం మార్చే ముందు కొద్దిగా పంపి చూడండి. ఆ తర్వాత డివైజ్‌ను రీసెట్ చేసి, మీరు రాసుకున్న పదాలతోనే అది తిరిగొస్తుందో లేదో టెస్ట్ చేయండి. వచ్చాకే మిగతాది పంపండి. ఎప్పుడు ఎంతకు కొన్నారో చూపించే స్టేట్‌మెంట్ కూడా డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. రేపు ట్యాక్స్ లెక్కలకు అదే ఆధారం.

ఇంట్లో వాళ్లకు తెలుసా?

బ్యాంక్ అకౌంట్‌కు, పీఎఫ్‌కు, ఎల్‌ఐసీ పాలసీకి నామినీ ఉంటారు. సొంత వాలెట్‌కు నామినీ కాలమ్ లేదు. కొన్న విషయమే ఇంట్లో చెప్పనివాళ్లు ఎందరో. అలాంటప్పుడు ఆ మనిషి పోతే కాయిన్లు బ్లాక్‌చెయిన్‌లో అలాగే ఉండిపోతాయి. ఎవరికీ అందవు. అసలు పదాలు చెప్పనవసరం లేదు. క్రిప్టో ఉందని, డివైజ్ ఫలానా చోట ఉందని, కాగితం ఎక్కడుందని ఒక్కరికైనా తెలిస్తే చాలు.

ఎవరైనా సపోర్ట్ టీమ్ అని ఫోన్ చేసి సీడ్ ఫ్రేజ్ అడిగితే కట్ చేయండి. ఏ కంపెనీ కూడా అడగదు. మోసపోతే వెంటనే 1930కి కాల్ చేయండి. కానీ ఒక్కటి గుర్తుంచుకోవాలి. బ్యాంక్‌లోకి వెళ్లిన డబ్బును ఫ్రీజ్ చేయించొచ్చు. దొంగ సొంత వాలెట్‌లోకి వెళ్లిన కాయిన్‌ను ఆపడం చాలా కష్టం.

ముందుగా ఒక పని చేయండి. మీ యాప్ ఓపెన్ చేసి, క్రిప్టోను బయటి వాలెట్‌కు పంపే ఆప్షన్ ఉందో లేదో చూడండి. కొన్ని యాప్‌లలో అసలు ఉండదు. లేకపోతే మీరు కొన్న కాయిన్‌ను ఆ యాప్‌లోనే అమ్మాలి తప్ప, మీ చేతికి ఎప్పటికీ రాదు.

గమనిక: ఇది అవగాహన కోసం మాత్రమే. క్రిప్టోలో పెట్టుబడి పెట్టమని మేం సూచించడం లేదు. నిర్ణయం తీసుకునే ముందు నిపుణుల సలహా తీసుకోండి.