మెడనొప్పిని దాచుకొనరాదు

ఓర్పు స్త్రీకి భూషణమని పెద్దలు చెప్పుదురు. నిజమే. అయినను దేహబాధను దాచుటయే ఓర్పని మనలో ననేకులు తలంచుచున్నారు. అందువలన కలుగు చేటును ఈ మాసము మా యింటి వృత్తాంతముచే విన్నవించుకొనుచున్నాను.

మా యక్కగారికి 68 ఏండ్లు. కొమార్తె పురుటికై అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమునకు వెళ్లిరి. ఒక సాయంకాలము అల్లుడు నడుపుచున్న కారు కూడలిలో ఎఱ్ఱదీపమునకు ఆగియుండగా, వెనుకనుండి మఱియొక కారు వచ్చి తాకినది. ఎవరికిని గాయము కనబడలేదు. “నాకేమియు లేదు” అని ఆమె యింటికి వచ్చి వంట చేసిరి. మఱునాడు మెడ త్రిప్పలేకపోయిరి. కుడిచేతి వ్రేళ్లు తిమ్మిరెక్కినవి. నెలలు నిండిన బిడ్డ దిగులుపడునని రెండు దినములు నోరు మెదపలేదు. మూడవనాడు చేతినుండి కాఫీ గిన్నె జారిపడగా గుట్టు బయటపడినది.

ఈ దెబ్బను వైద్యులు ‘విప్‌లాష్’ అందురు. వెనుకనుండి తాకిడి కలిగినపుడు ఆసనముతోపాటు మొండెము ముందుకు త్రోయబడును. తల వెనుకబడి, పిదప ముందుకు విసరబడును. కొరడా ఝళిపించినపుడు దాని కొన యదురునట్లే మెడ యదురును. కండరములును కీళ్ల బంధనములును సాగి నొచ్చును. నొప్పి కొన్ని గంటలకో, మఱునాటికో బయటపడుటయు కలదు. 1995లో కెనడాలోని క్విబెక్ వైద్యపండితుల సంఘము దీనిని 0 మొదలు 4 వఱకు తరగతులుగా విభజించినది. 1వ తరగతిలో నొప్పియు బిగువును మాత్రమే యుండును. 2వ దానిలో మెడ కదలిక తగ్గును. 3వ దానిలో నరములు దెబ్బతిన్న లక్షణములు కనబడును. 4వది యెముక విఱుగుటయో, తొలగుటయో.

ఇరుగింటివారు కైరోప్రాక్టరు వద్దకు పొమ్మనిరి. చేతులతో వెన్నెముకను, కీళ్లను సవరించు ఈ పద్ధతిని 1895లో అమెరికాలోని అయోవా రాష్ట్రమున, డేవెన్‌పోర్టు పట్టణమందు డి. డి. పామర్ అను నాతడు ప్రారంభించెను. వెన్నుపూసలు తొలగుటయే దాదాపు సకలరోగములకు మూలమని యాతని మతము. దానిని నేటి వైద్యశాస్త్రము అంగీకరింపదు. అయినను మెడనొప్పి, నడుమునొప్పి గల కొందఱికి ఈ చికిత్సచే ఉపశమనము కలుగుచున్నది. అమెరికాలో ఈ వృత్తికి ప్రత్యేకమైన చదువును, ప్రభుత్వపు అనుమతియు నుండవలెను.

ఆ కైరోప్రాక్టరు అక్కగారి వయస్సును, వ్రేళ్ల తిమ్మిరిని విని మెడపై చేయి వేయలేదు. ముందుగా ఆసుపత్రికి పొమ్మనెను. ప్రమాదము తరువాత 65 ఏండ్లు దాటినవారికిని, చేతులు కాళ్లు తిమ్మిరెక్కినవారికిని మెడకు ఛాయాచిత్రపరీక్ష చేయవలయుననుట వైద్యుల నియమము. విఱిగిన యెముకను తటాలున త్రిప్పినచో వెన్నుపాము చెడును. మెడయెముకల రంధ్రములగుండ మెదడునకు పోవు రక్తనాళములు రెండు కలవు. మెడను విఱిచిన పిదప అవి చీలి పక్షవాతము కలిగిన సందర్భములు అరుదుగానైనను కలవు. ఈ కారణముచేతనే క్షౌరశాలలలో సరదాకు మెడ విఱిపించుకొనవలదని మన యింటి పురుషులకును చెప్పుట మంచిది.

అక్కగారికి యెముక విఱుగలేదు. నరము ఒత్తిడికి లోనైనదని తేలినది. వైద్యుని యనుమతిపై ఆ కైరోప్రాక్టరే మెడను విఱువక, కండరములను మృదువుగా మర్దించి, వ్యాయామములు నేర్పెను. మూడు నెలలకు స్వస్థత చిక్కినది.

కావున సోదరీమణులు ఈ విషయములు గుర్తుంచుకొందురు గాక. ప్రమాదానంతరము మెడ నడిమి యెముకపై నొప్పి, అవయవముల బలహీనత, తడబడు నడక, మాట తొట్రుపాటు, చూపు మసక, తీవ్రమైన తలనొప్పి, మూత్రము వశము తప్పుట, వీనిలో ఏది కనబడినను తత్‌క్షణము ఆసుపత్రికి పోవలెను. ప్రమాదమేమియు లేదని వైద్యుడు చెప్పిన పిదప పట్టీ కట్టుకొని మంచము పట్టక, మెడను మెల్లమెల్లగా కదల్చుచు నిత్యకృత్యములు సాగింపవలెను. కైరోప్రాక్టరు వద్దకు పోవువారు తమ వయస్సును, ఎముకల బలహీనతను, రక్తమును పలుచన చేయు మందులు వాడుచున్నచో ఆ సంగతిని ముందే చెప్పవలెను. మెడను తటాలున త్రిప్పుట యిష్టము లేనిచో వలదనవచ్చును. నెలల తరబడి చికిత్సకు ముందుగానే రుసుము చెల్లింపరాదు.

కారులో తలవెనుక నుండు దిండు అలంకారమునకు గాదు. అమెరికాలో 1969 జనవరి 1 నుండి క్రొత్త కార్ల ముందరి ఆసనములకు అది యుండితీరవలెనని శాసించిరి. దాని పైయంచు నడినెత్తి మట్టమునకు వచ్చునట్లు జరిపి, తలను దానికి దగ్గఱగా నుంచి కూర్చుండవలెను.

అక్కగారు ఇటీవల మనుమరాలి నెత్తుకొని మాతో ననిరి: “బిడ్డ దిగులుపడునని దాచితిని. దాచినందులకే అది రెండింతలు దిగులుపడినది.”