పిల్ల ఆట మాన్పిస్తే వంట తొందరగా అవుతుందా?

మా అపార్ట్‌మెంట్లో ఈ మధ్య ముగ్గురు పిల్లలు షటిల్ కోచింగ్ మానేశారు. ముగ్గురూ ఆడపిల్లలే. ఎందుకండీ అని అడిగితే ఒకటే పాట. "ఎక్కడ కుదురుతుందండీ, ఇంటికొచ్చేసరికి ఎనిమిది. తినేసరికి తొమ్మిదిన్నర. పడుకునేసరికి పదిన్నర. పొద్దున్న ఏడుంబావుకి స్కూల్ బస్సు." అంటే ఏంటన్నమాట? ఇంట్లో అన్నం ఆలస్యమవుతోంది కాబట్టి పిల్ల ఆట మానెయ్యాలి. ఇంత తలకిందుల లాజిక్కు నేను ప్రొడక్షన్ సపోర్టులో కూడా చూళ్ళేదు. సర్వర్ నెమ్మదిగా ఉందని యూజర్లని పీకేసినట్టుంది.

సరే, ఆ లెక్కే చూద్దాం. ఎనిమిదికి ఇంటికొస్తే తొమ్మిదిన్నరకి ఎందుకు తింటున్నారు? మధ్యలో ఆ గంటన్నర ఎవరు మింగేశారు?

పొయ్యి మాత్రం కాదు. ప్రెషర్ కుక్కర్లో నీళ్ళు దాదాపు 120 డిగ్రీల దగ్గర మరుగుతాయి, మామూలు గిన్నెలో 100. అందుకే పొద్దున్న నానేసిన కందిపప్పు ఒక గిన్నెలో, బియ్యం ఇంకో గిన్నెలో పెట్టి ఒకే కుక్కర్లో దింపితే, మూత వచ్చేదాకా కలుపుకుని ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు. ఆ టైములో పిల్ల స్నానం అయిపోతుంది. టైమంతా తినేది పొయ్యెక్కకముందు పని. ఏం వండాలో ఆలోచించడం, ఫ్రిజ్‌లో ఏముందో వెతకడం, పాలకూర ఇసక పోయేదాకా కడగడం, గోరుచిక్కుళ్ళు ఈనెలు తీయడం, వెల్లుల్లి ఒలవడం. వీటిల్లో ఒక్కటి కూడా రాత్రి ఎనిమిదింటికే చెయ్యాలని రూలేం లేదు. ముందురోజు రాత్రి క్రికెట్ చూస్తూ ఎవరైనా చెయ్యొచ్చు. "ఎవరైనా" అన్నాను, మళ్ళీ చదవండి.

అసలు గొడవ అక్కడే. ఆ పనంతా ఒకే మనిషి నెత్తిన ఉంది, ఆ మనిషి కూడా ఏడింటికే ఆఫీసు నుంచి వస్తోంది. మిగతావాళ్ళు "హెల్ప్ కావాలంటే చెప్పు" అంటారు. ఏం చెయ్యాలో ఆలోచించి చెప్పడమే సగం పని కద స్వామీ! ఆఫీసులో ఏ జూనియరైనా రోజూ అలా అడిగితే అప్రైజల్‌లో వీళ్ళే ఏం రాస్తారో నాకు తెలుసు.

సైనా నెహ్వాల్ వాళ్ళ నాన్న పిల్లని స్కూటర్ మీద తెల్లవారుజామునే ఎల్బీ స్టేడియానికి తీసుకెళ్ళేవాడని మనందరం కథలు కథలుగా చెప్పుకుంటాం. గొప్ప విషయమే, కాదన్ను. వాళ్ళమ్మ కూడా హర్యానాలో రాష్ట్రస్థాయి షటిల్ ప్లేయర్. ఆ సంగతి ఎంతమందికి గుర్తుంది? మనకి కథల్లో స్కూటర్ కనిపిస్తుంది, వంటిల్లు కనపడదు. ఇప్పటి నాన్నలకి ఆ స్కూటర్ భాగం బాగా నచ్చింది. కారులో దింపడం, కోర్టు బయట కూర్చుని గంటన్నర ఫోన్లో రీల్స్ చూడడం, ఇంటికొచ్చి "ట్రాఫిక్‌లో చచ్చిపోయా" అని సోఫాలో పడడం. (బావా, నువ్వు ఇది చదువుతావని తెలుసు. చదువు.)

ఇక ఈ గంటన్నర సందులో దూరిపోయే వ్యాపారులున్నారు. "బిజీ మామ్స్ కోసం" అని ఓట్స్ నూడుల్స్ ప్యాకెట్టు. మామ్స్ కోసమేట, చూశారా! వెనక్కి తిప్పి సోడియం ఎంతుందో చదవండి. ఇన్‌స్టంట్ నూడుల్స్‌లో వంద గ్రాములకి వెయ్యి మిల్లీగ్రాముల దాకా ఉండటం మామూలే. పెద్దవాళ్ళకే రోజు మొత్తానికి రెండు వేలు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. ఆ తర్వాత పాలల్లో కలిపే చాక్లెట్ పొడి, "ఆడే పిల్లలకి శక్తి" అని. 2024 ఏప్రిల్లో కేంద్ర వాణిజ్య శాఖ ఇలాంటివన్నీ 'హెల్త్ డ్రింక్' విభాగంలోంచి తీసెయ్యమని ఆన్‌లైన్ అంగళ్ళకి చెప్పింది. ఎందుకంటే మన ఆహార భద్రతా చట్టంలో హెల్త్ డ్రింక్ అనే నిర్వచనమే లేదు! ఇన్నాళ్ళూ మనం లేని వస్తువుని కొన్నామన్నమాట :) మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అదే ఏడాది మేలో కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. చక్కెర రోజుకి 25 గ్రాముల లోపే ఉంచమంది, ప్రొటీన్ పొడులు వద్దంది. పప్పూ అన్నం వద్దని ఎక్కడా అన్లేదు.

మరి ఏం పెట్టాలి అంటారా? సగం జవాబు సాయంత్రం నాలుగున్నరకే ఉంది. ప్రాక్టీసుకి వెళ్ళేముందు అరటిపండు, గుప్పెడు ఉడికించిన శనగలో, పెరుగులో నానేసిన అటుకులో పడితే పిల్ల ఎనిమిదింటికి పులిలా మీద పడదు, గేటు బయట కర్రీ పఫ్ కోసం ఏడవదు. రాత్రికి పెసరట్టుని మించింది నాకు తెలీదు. దోసెలాగా పులియాల్సిన పని లేదు. పొద్దున్న ఏడింటికి పెసలు, గుప్పెడు బియ్యం నీళ్ళల్లో పడేసి పోతే రాత్రి వచ్చి అల్లం, పచ్చిమిర్చి వేసి రుబ్బడం అయిదు నిమిషాలు. పిల్లకి కావల్సిన మాంసకృత్తులు అందులోనే ఉన్నాయి. ఇంకో రోజు టమాటాల్లో కోడిగుడ్లు కొట్టి పోసిన కూర, ఇంకో రోజు పప్పులోనే పాలకూర వేసి ఒక్క కుక్కరు. ఏ రోజు ఏదో ఆదివారమే కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటిస్తే "ఏం వండను" అనే ప్రశ్నే ఉండదు.

దీనికి రెండు అభ్యంతరాలు వస్తాయి. మొదటిది అత్తగార్ల దగ్గర్నుంచి. "రాత్రిపూట ఒక్క పప్పేనా? వేపుడేదీ, చారేదీ?" అమ్మా, రెండు కూరలూ చారూ ఆదివారం చేసుకుందాం. సోమ, బుధ, శుక్రవారాలు పప్పు, నెయ్యి, పెరుగు, ఒక కీర ముక్క. వేపుడు లేకపోతే ప్రాణం పోయే మగాడు ఆ బంగాళాదుంపలేవో తనే తరుక్కోవచ్చు, కత్తిపీట ఎవరిదీ కాదు.

రెండోది నాకు తగిలేది. "పెళ్ళి కానివాడివి, నీకేం తెలుసు?" అని. నిజమే, పెళ్ళి కాలేదు. అక్కావాళ్ళింట్లో ఉంటున్నా, బుధవారం పెసరట్టు డ్యూటీ నాది. మేనకోడలు ఎనిమిదిం పదికి వస్తుంది, ఎనిమిదిన్నరకి తింటుంది, తొమ్మిదిన్నరకి పడుకుంటుంది. అల్లం చట్నీ మాత్రం సీసాలోదే, దానికి నన్ను తిట్టుకోండి.

అదే అపార్ట్‌మెంట్లో మగపిల్లల క్రికెట్ కోచింగ్ కూడా ఎనిమిదింటికే అయిపోతుంది. వాళ్ళ ఇళ్ళల్లోనూ అన్నం తొమ్మిదిన్నరకే. ఒక్కడూ మానలేదు. ఆలస్యం ఇద్దరికీ ఒకటే అయినప్పుడు ఒకరి రాకెట్టే అటకెక్కిందంటే, కారణం కుక్కర్లో లేదని ఆ ముగ్గురు నాన్నలకీ తెలుసనుకుంటా. వచ్చే నెల కొత్త బ్యాచ్ మొదలవుతోంది, ఫీజు కట్టడానికి ఇంకా టైముంది.