ముందు నీరు, పిమ్మట తీరము

మూసీనదిని బాగుచేయవలెననుటలో మాకు లేశమాత్రమును సందేహము లేదు. అనంతగిరి కొండలలో జనించి, హైదరాబాదును నడిమికి చీల్చుకొని సాగి, వాడపల్లి కడ కృష్ణలో లీనమగు ఆ నది నేడు చాదర్‌ఘాట్ వంతెనపై ముక్కు మూసికొని పోవలసిన దుర్గతికి దిగజారినదనిన, ఆ నేరము గట్టున రెండు గదులు వేసికొన్న కూలివానిది గాదు. తన మురుగును, కర్మాగారముల మాలిన్యమును సగము శుద్ధిచేసియు, సగము చేయకయు నాలాలలోనికి త్రోసి, ఆ నాలాలను నదిలోనికి విడిచిన నగరమంతటిది, దానినేలిన ప్రభుత్వములన్నిటిది.

అట్లుండగా 2024 సెప్టెంబరులో నదీసంస్కరణ మెచట మొదలైనది? బస్తీల గోడలపైని. రెవెన్యూ సిబ్బంది వచ్చి, గుమ్మము ప్రక్కనో, కరెంటు మీటరు క్రిందనో, ఎఱ్ఱరంగుతో ‘ఆర్‌బీ-ఎక్స్’ అని, అనగా నదీగర్భములోని ఇల్లని, వ్రాసి పోయిరి. ఆ గోడల వెనుకనున్నవారిలో ఇంటిపన్ను రశీదులు దాచుకొన్నవారున్నారు, రిజిష్టరయిన దస్తావేజులు గలవారున్నారు. ఆక్రమణయని నేడు పలుకు సర్కారు ఇన్నేండ్లు ఆ పన్ను నేల పుచ్చుకొన్నదో చెప్పువారు మాత్రము లేరు. శంకర్‌నగర్ మొదలగు బస్తీలనుండి కొన్ని కుటుంబములను మలక్‌పేటలోని పిల్లిగుడిసెల రెండు పడకగదుల ఇండ్లకు తరలించిరి. అది చేరువనున్న చోటు గనుక మెచ్చదగినదే. కాని అందఱకును అట్టి చోటు లభించునా? తెల్లవాఱకమునుపే గంజి అంగడికి చేరి మిర్చిబస్తాల కడ వరుసలో నిలువవలసిన హమాలీకి, నాలుగిండ్లలో అంట్లు తోమి పది గంటలకు పిల్లవానిని బడికి పంపవలసిన తల్లికి, ఊరిచివరి ఇల్లు ఎంత విశాలమైనను ప్రవాసమే.

ఏటిగర్భములో కాపురము క్షేమమని మేమనము. 2020 అక్టోబరు వరదలను చూచినవారెవ్వరు ననరు. నదీగర్భమున నున్నవారు కదలవలసినదే. ఎట్లు, ఎప్పుడు, ఎచటికి అనునదే ప్రశ్న.

ఈ ప్రశ్నకు సమాధానమును సియోలులో వెదకుటకు మన మంత్రులు, అధికారులు వెళ్ళివచ్చిరి. వెళ్ళుటలో దోషము లేదు గాని, అచటి చొంగెచొన్ వాగులో నేడు పారునది చాలవఱకు పంపులతో తెచ్చి పోసిన నీరు. సబర్మతిని చూపువారును కలరు. దాని నిండుదనము నర్మదా కాలువ చలువ, దాని గట్టున నుండిన వేల కుటుంబములలో పలువురు దూరపు కాలనీలకు చెదరిపోయిరి. ఇంత దూరమేల? 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాది ప్రాణములను బలిగొన్న పిమ్మట నిజాము ప్రభుత్వము పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య చూపు మొదట ఎగువకు పోయినది. ఆయన యోజనలో తీరోద్యానములు లేకపోలేదు. కాని దానికి ప్రాణము వరదను పట్టి నిలుపు జలాశయములు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తియైనవి. 1912లో వెలసిన నగరాభివృద్ధి మండలి ఇఱుకు వాడలను పడగొట్టినమాట నిజమే. సామాన్యులకు ఇండ్లు కట్టించినదియు ఆ మండలియే. నాడందఱకును న్యాయము జరిగెనని చెప్పుటకు మేము సాహసింపము, కాని పడగొట్టు చేతికి కట్టు బాధ్యతయు నుండెను.

ఆ జలాశయముల గతి నేడేమి? 1996 నాటి 111వ నంబరు ఉత్తర్వు వాని చుట్టునున్న 84 గ్రామములలో నిర్మాణములకు కళ్ళెము వేయగా, 2022లో 69వ నంబరు ఉత్తర్వు ఆ కళ్ళెమును సడలించినది. ఎగువన విల్లాలకు వాకిలి తెఱచి, దిగువన రేకుల ఇండ్లను నదికి శత్రువులనుట ఏ న్యాయము? ఉప్పల్ పరిసరములలో మూసీ మురుగునీటితోనే పారాగడ్డి పెంచి గేదెలకు వేయుచున్నారు. ఆ గేదెల పాలు మరల మన కాఫీలోనికే వచ్చుచున్నవి. మూసీ మాలిన్యము బస్తీ సమస్య యనుకొను మహాశయులు ఒకసారి తమ కప్పులోనికి చూచుకొనవలెను.

కావున మా మాట స్పష్టము. నాలా నదిని చేరుచోటనెల్ల మురుగును అడ్డగించి శుద్ధిచేయు ఏర్పాటు పూర్తికాక మునుపు తీరమున విహారస్థలములకు ఒక్క రూపాయియు వెచ్చింపరాదు. నదీగర్భమునకును, దాని రక్షణమండలమునకును గల హద్దులను పటముగా ప్రకటించి, అభ్యంతరములను విని, 2013 భూసేకరణ చట్టము చెప్పు సామాజిక ప్రభావ పరిశీలనము ముగియువఱకు ఏ గోడపైనను గుర్తు పెట్టరాదు. పట్టా గలవానికి చట్టప్రకారము పరిహారము, లేనివానికి పనికి చేరువలో ఇల్లు, తాళపుచెవి చేతిలో పెట్టిన పిదపనే పాత ఇంటి మీదికి యంత్రము పోవలెను. బడిపిల్లలున్న ఇంటికి పరీక్షలు ముగియువఱకు గడువీయవలెను. వీనికి సమ్మతింపని ప్రణాళిక ఎంత రమణీయమైన చిత్రపటములతో వచ్చినను దానిని శాసనసభ తిరస్కరింపవలెను. 111వ నంబరు ఉత్తర్వును మరల బిగించు తీర్మానమును ఆ సమావేశములోనే ప్రభుత్వము ప్రవేశపెట్టవలెను.