డబ్బా మీద 2.1, టీవీ వెనక మూడు రంగుల వైరు

2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. పన్ను కలపకముందు 30,000 రూపాయలుండే టీవీ అంతకుముందు 38,400 పడేది, ఇప్పుడు 35,400కు రావాలి. అంటే మూడు వేలు మిగులు. వైరా, ఏన్కూరు, కారేపల్లి, జూలూరుపాడు వైపు పత్తి, మిర్చి డబ్బు చేతికందే నెలల్లోనే చాలా ఇళ్లలో టీవీ మార్చే మాట వస్తుంది. ఆ మిగిలిన మూడు వేలు ఎటు పోవాలో షాపులో ముందే తేల్చి పెట్టుకుంటారు. "ఇంకొంచెం వేసుకుంటే హెచ్‌డీఎంఐ 2.1 మోడల్ వస్తుందన్నా, పదేళ్లు మళ్లీ చూసుకోనక్కర్లేదు" అంటారు.

అందులో అబద్ధం ఉండకపోవచ్చు. కానీ గేమింగ్ కన్సోల్ లేని ఇంటికి ఆ నంబరుతో దాదాపు పని లేదు. ఏ నంబరూ లేని చిన్న చిన్న విషయాలే ఆ ఇంట్లో బొమ్మను, శబ్దాన్ని ఎక్కువ మారుస్తాయి. టీవీ ఎన్నేళ్లు బతుకుతుందో కూడా చాలావరకు వాటి మీదే ఆధారపడి ఉంటుంది.

హెచ్‌డీఎంఐ అంటే సెట్ టాప్ బాక్సు, ల్యాప్‌టాప్ లాంటి వాటి నుంచి బొమ్మను, శబ్దాన్ని ఒకే తీగలో టీవీకి చేర్చే ప్రమాణం. సోనీ, ఫిలిప్స్, తోషిబా, హిటాచీ వంటి ఏడు కంపెనీలు కలిసి 2002 డిసెంబర్‌లో దీని మొదటి రూపాన్ని విడుదల చేశాయి. అప్పటి సామర్థ్యం సెకనుకు 4.95 గిగాబిట్లు. 2006లో వచ్చిన 1.3 దాన్ని 10.2కు, 2013 నాటి 2.0 పద్దెనిమిదికి, 2017 నాటి 2.1 నలభై ఎనిమిదికి పెంచాయి. 2025లో 2.2 వచ్చి 96కు చేర్చింది. అంకెలు ఇంత జోరుగా పెరుగుతుంటే పాతది కొని మోసపోతామేమోనన్న భయం సహజమే. అయితే పెరిగింది మోయగల శక్తి. మన ఇంటికి వచ్చే సరుకు అంత పెరగలేదు.

ఈ ప్రాంతంలో దాదాపు ప్రతి ఇంట్లో టీవీ పెట్టే రోజు శ్రీరామనవమి. భద్రాచలం కల్యాణం ప్రత్యక్ష ప్రసారం తెలుగు హెచ్‌డీ ఛానెల్లో వస్తే అది 1080ఐ సిగ్నల్. అడ్డంగా 1,920, నిలువుగా 1,080 చుక్కల బొమ్మను సగం సగం గీతలుగా సెకనుకు యాభై సార్లు పంపుతారు. బాక్సు నుంచి టీవీకి ఆ బొమ్మ చేరడానికి హెచ్‌డీఎంఐ మొదటి రూపంలోని సామర్థ్యంలో సగం కూడా అవసరం లేదు. ఇరవై ఏళ్లు దాటిన ప్రమాణమే మన కేబుల్ ప్రసారానికి రెండింతలు ఎక్కువ. తూము నుంచి దిగే నీళ్లు అంతే అయినప్పుడు కాలువను ఎంత వెడల్పు చేసినా చివరి మడికి చుక్క ఎక్కువ రాదని వైరా ఆయకట్టు రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

మరి 4కె సినిమాల సంగతి? సినిమా సెకనుకు 24 ఫ్రేములే. 4కెలో ఆ వేగానికి 1.4 నాటి తీగే చాలు. సెకనుకు 60 ఫ్రేముల 4కె కావాలన్నా 2.0 సరిపోతుంది. అసలు మన వాడకంలో పెద్ద భాగం ఈ తీగ ముఖమే చూడదు. స్మార్ట్ టీవీలోనే ఉన్న యాప్‌లో యూట్యూబ్, ఆహా, జియోహాట్‌స్టార్ చూస్తున్నప్పుడు బొమ్మ వైఫై నుంచి నేరుగా టీవీలోని చిప్‌కు వెళ్తుంది. వెనకున్న హెచ్‌డీఎంఐ పోర్టుకు అక్కడ ఏ పనీ లేదు. అది 1.4 అయినా 2.2 అయినా క్రికెట్ మ్యాచ్ ఒకేలా కనిపిస్తుంది. అక్కడ తేడా తెచ్చేది ఇంటర్నెట్. 4కె ప్రసారానికి సెకనుకు 15 మెగాబిట్లయినా ఉండాలని నెట్‌ఫ్లిక్స్ సూచన. ఫోన్ హాట్‌స్పాట్ మీద టీవీ నడిపే ఇంట్లో సాయంత్రంపూట బొమ్మ మసకబారితే తప్పు పోర్టుది కాదు.

ఇక అందరి కళ్లెదుటే ఉన్నా ఎవరూ మాట్లాడని సంగతి ఒకటుంది. కొత్త 4కె టీవీ గోడకెక్కుతుంది, దాని వెనక పాత సెట్ టాప్ బాక్సు నుంచి పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల వైరు వేలాడుతూనే ఉంటుంది. ఆ పసుపు వైరులో వచ్చే పాత ప్రసారపు బొమ్మలో ఉండేవి నాలుగు లక్షల పైచిలుకు చుక్కలు. హెచ్‌డీలో ఇరవై లక్షలు దాటుతాయి, 4కె తెర మీద ఎనభై మూడు లక్షల దాకా ఉంటాయి. నాలుగు లక్షల చుక్కల్ని ఎనభై మూడు లక్షల తెర మీద సాగదీస్తే ముఖాలు అలుక్కుపోయినట్టు కనిపించడం ఖాయం. "పాత డబ్బా టీవీలోనే బాగుండేది" అన్న పెద్దవాళ్ల మాటను చాదస్తమని కొట్టిపారేయకండి, ఈ ఒక్క విషయంలో వాళ్ల కంటిచూపు కరెక్టే. మిగిలిన మూడు వేలలో కొంత పెట్టి కేబుల్ ఆపరేటర్ దగ్గర హెచ్‌డీ బాక్సు తీసుకుని మామూలు హెచ్‌డీఎంఐ తీగ తగిలిస్తే బొమ్మ అయిదింతలు నిండుగా వస్తుంది. 2.0 నుంచి 2.1కు మారితే ఆ ఇంట్లో వచ్చే తేడా సున్నా.

పైగా 2.1 అన్న మాటకు ఉన్న బరువు కూడా అంతంతే. 2021 డిసెంబర్‌లో బయటపడిన సంగతి ఇది: 2.0 అనే విడి ప్రమాణం ఇక లేదనీ, అది 2.1లో కలిసిపోయిందనీ, 2.1లోని కొత్త సదుపాయాలన్నీ ఐచ్ఛికమేననీ లైసెన్సు ఇచ్చే సంస్థే చెప్పింది. అంటే సెకనుకు 60 ఫ్రేములకు మించి చూపలేని తెర, 18 గిగాబిట్లకు మించి మోయలేని పోర్టు ఉన్న టీవీ మీద కూడా ఒకటీ అరా చిన్న సదుపాయం చేర్చి 2.1 అని రాసుకోవచ్చు. ఏ సదుపాయాలున్నాయో పక్కనే చెప్పాలన్న షరతు ఉంది. ఆ వివరం డబ్బా మీద దొరికితే అదృష్టమే. తీగల వ్యవహారం ఇంకా విచిత్రం. కేబుల్ మీద వెర్షన్ నంబరు వేయడానికి నిబంధనలు ఒప్పుకోవు. ‘అల్ట్రా హై స్పీడ్’ వంటి పేరు, స్కాన్ చేసి సరిచూసుకునే లేబులే దానికి గుర్తు. ‘2.1 కేబుల్’ అని అమ్ముతున్న తీగ ఆ మొదటి నిబంధననే తప్పింది.

అలాగని కొత్త ప్రమాణాలు దండగ అని కాదు. ప్లేస్టేషన్ 5 మన దేశంలోకి 2021 ఫిబ్రవరిలో వచ్చింది. దాన్ని 4కెలో సెకనుకు 120 ఫ్రేములతో ఆడాలంటే 2.0 తీగ చాలదు. ఆట వేగాన్ని బట్టి తెర వేగం మారే వీఆర్‌ఆర్, మీట నొక్కడానికీ బొమ్మ కదలడానికీ మధ్య జాప్యం తగ్గించే ఏఎల్‌ఎల్‌ఎం ఆడేవారికి నిజంగా పనికొస్తాయి. ఇంట్లో కన్సోల్ ఉన్నా, పిల్లవాడు హాస్టల్ నుంచి వచ్చేటప్పుడు తెస్తాడని తెలిసినా 2.1 గురించి అడగండి. వెర్షన్ నంబరుతో సరిపెట్టుకోకుండా తెర 120 హెర్ట్జ్‌దేనా, ఎన్ని పోర్టుల్లో అది పనిచేస్తుంది అని అడగండి. నాలుగు పోర్టులున్న టీవీల్లో కూడా రెండింటికే పూర్తి వేగం ఉండటం మామూలే. ఇక 8కె మాట ఇప్పట్లో వద్దు. జపాన్‌లో ఎన్‌హెచ్‌కే 2018లోనే 8కె ఛానెల్ మొదలుపెట్టింది, మనకు తెలుగులో 4కె ఛానెలే లేదు.

అందరికీ పనికొచ్చే సదుపాయం ఒకటుంది, అది కొత్తదేమీ కాదు. ఈనాటి పలచటి టీవీల్లో స్పీకర్లు కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి, అందుకే మాటలు స్పష్టంగా వినపడవు. సౌండ్ బార్ కొంటే దాన్ని ఏఆర్‌సీ అని రాసున్న పోర్టుకే తగిలించాలి. 2009 నాటి 1.4లోనే వచ్చిన ఏర్పాటిది. ఓటీటీలో వచ్చే డాల్బీ అట్మాస్‌కు చాలా టీవీల్లో ఇదే సరిపోతుంది. 2.1తో వచ్చిన ఈ-ఏఆర్‌సీ బ్లూరే డిస్కుల్లోని కుదించని శబ్దాన్ని కూడా మోస్తుంది. మన ఇళ్లలో బ్లూరే డిస్కులు ఎన్ని ఉన్నాయో లెక్క చూసుకుని దానికి ధర కట్టండి.

పిడుగు మాట ఏ బ్రోచర్‌లోనూ ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో గాలివానలు మొదలయ్యాక టీవీ పోవడానికి హెచ్‌డీఎంఐ పోర్టు ఒక ముఖ్యమైన దారి. దగ్గర్లో పిడుగు పడితే డిష్ తీగలోనో కేబుల్ తీగలోనో పుట్టిన అధిక వోల్టేజీ బాక్సులోకి, అక్కడి నుంచి హెచ్‌డీఎంఐ తీగ గుండా టీవీ మదర్‌బోర్డులోకి పోతుంది. కరెంటు ప్లగ్గు తీసేసి డిష్ తీగ వదిలేసిన ఇళ్లలోనూ టీవీ పోయేది ఇందుకే. పోర్టు పోతే చాలాసార్లు బోర్డే మార్చాలి, ఆ ఖర్చు విన్నాక కొత్త టీవీయే నయమనిపిస్తుంది. ఉరుము వినగానే రెండు తీగలూ పీకేయడం ఖర్చులేని పని. ఫైబర్ కనెక్షన్‌లో గాజు తీగ గుండా పిడుగు కరెంటు పారదు, కరెంటు లైను దారి మాత్రం అలాగే ఉంటుంది. కాబట్టి మిగిలిన డబ్బులో కొంత మంచి సర్జ్ ప్రొటెక్టర్‌కూ, ఎర్తింగ్ సరిచేయించడానికీ పెట్టినా వృథా కాదు.

కొనేవాడు ఇంత తెలుసుకుని షాపు మెట్లెక్కాలనడం మాత్రం న్యాయం కాదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో వచ్చింది, కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2020 జూలైలో పని మొదలుపెట్టింది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేసే అధికారం దానికుంది. ఒక్క సదుపాయం పెట్టి మొత్తం ప్రమాణం పేరు వాడుకోవడాన్ని ఆ కోణంలో చూడాలి. డబ్బా మీద వెర్షన్ నంబరు కొట్టేయించి ప్రతి పోర్టుకూ గరిష్ఠ రిజల్యూషన్, సెకనుకు ఎన్ని ఫ్రేములు, ఏఆర్‌సీ ఉందా లేదా అన్న మూడు వివరాలు తెలుగులో కూడా అచ్చు వేయించడం పెద్ద పనేం కాదు. అప్పటిదాకా ఆ మూడు వివరాలూ బిల్లు మీద రాసిమ్మని అడగండి. రాసిచ్చినదానికీ ఇంటికొచ్చినదానికీ పొంతన లేకపోతే 1915కు ఫోన్ చేయొచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకు అక్కడ ఫీజు లేదు.