నాలుగు పౌండ్ల మాంసం, పదివేల చుట్లు

ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ పట్టణంలో 1853 మార్చిలో పదిహేనేళ్ల కుర్రాడు ఒకడు మాంసం దొంగిలించి పట్టుబడ్డాడు. నాలుగు పౌండ్ల గొడ్డుమాంసం. మన లెక్కలో రెండు కిలోలు కూడా లేదు. పేరు ఎడ్వర్డ్ ఆండ్రూస్. మూడు నెలల జైలు వేశారు. అతను నెల రోజులే ఉన్నాడు. ఏప్రిల్ 27 రాత్రి తన గదిలో కిటికీ ఊచకు ఉరి వేసుకున్నాడు.

ఆ నెల రోజుల్లో ఏం జరిగిందో తర్వాత వేసిన రాజ విచారణ సంఘం బయటపెట్టింది. గదిలో గోడకు బిగించిన యంత్రం ఒకటి. దాని పిడి పట్టుకుని తిప్పాలి. దానివల్ల నీళ్లు రావు, పిండి ఆడదు, తిప్పడమే పని. రోజుకు పదివేల చుట్లు: పొద్దున టిఫిన్‌కు ముందు రెండు వేలు, మధ్యాహ్నం లోపల నాలుగు వేలు, రాత్రి భోజనం లోపల ఇంకో నాలుగు వేలు. లెక్క తగ్గితే రొట్టె, నీళ్లు మాత్రమే. బండి లాగే గుర్రం రోజంతా చేసే పనిలో నాలుగో వంతు శ్రమ ఆ పిల్లల చేత చేయించారని విచారణలో తేలింది. తిండి సరిగా లేని పిల్లవాడు ఎలా తిప్పుతాడు? తిప్పలేదు కాబట్టి మొండివాడన్నారు. చేతులు కదలకుండా కట్టే చొక్కా తొడిగారు. మెడకు గట్టి తోలు పట్టీ పెట్టారు. గోడకు కట్టి గంటల తరబడి నిలబెట్టి, మీద నీళ్లు గుమ్మరించారు.

ఇవేవీ కోర్టు వేసిన శిక్షలో లేవు. ఆ చొక్కాకు చట్టంలో చోటే లేదు.

యువతీ యువకులారా, ఒక్క సంగతి గమనించండి. ఆ జైలుకు చాప్లిన్ ఉన్నాడు. తనిఖీకి వచ్చే మేజిస్ట్రేట్లు ఉన్నారు. వాళ్లూ ఆదివారం గుడికి వెళ్లేవాళ్లే. ఆ అబ్బాయి నెమ్మదస్తుడని చాప్లినే విచారణలో చెప్పాడు. అంటే చూసినవాళ్లు ఉన్నారు, జాలిపడినవాళ్లూ ఉన్నారు. ఉరి పడిన తర్వాతే నోళ్లు పెగిలాయి. చివరికి గవర్నరు మీద కేసు నడిచి, అతనికీ మూడు నెలలే పడింది. మాంసానికీ మూడు నెలలే, ప్రాణానికీ మూడు నెలలే.

అదే పట్టణంలో ఇంకో పద్ధతి అప్పటికే నడుస్తోంది, దాన్ని మరిచిపోకూడదు. పట్టణ న్యాయాధికారి మాథ్యూ డావెన్‌పోర్ట్ హిల్ 1840ల నుంచి చిన్న దొంగతనాల కుర్రాళ్లను వీలైనచోట జైలుకు పంపకుండా, పని నేర్పే యజమానికో తల్లిదండ్రులకో అప్పగించేవాడు. వాళ్లు ఎలా ఉన్నారో మధ్య మధ్య కనుక్కుని రాయించేవాడు. బ్రిస్టల్‌లో పేద పిల్లలకు బడి నడిపిన పాస్టరుగారి అమ్మాయి మేరీ కార్పెంటర్, ఈ హిల్ కలిసి 1851లో బర్మింగ్‌హామ్‌లోనే పెద్ద సభ జరిపారు. పిల్లలకు జైలు వద్దు, బడి కావాలని అడిగారు. 1854లో చట్టం వచ్చింది. కానీ అందులో ఒక మెలిక పెట్టారు: దిద్దుబాటు బడికి పంపేముందు కనీసం పద్నాలుగు రోజులు జైల్లో ఉండాలి. మేరీ కార్పెంటర్ ఎంత మొత్తుకున్నా వినలేదు. ముందు జైలు అన్న ఆ షరతు పూర్తిగా పోవడానికి 1899 దాకా పట్టింది.

నాకు ఆ మెలికే ఆండ్రూస్ కథకన్నా ఎక్కువ భయం కలిగిస్తుంది. ఆ గవర్నరు క్రూరుడని అనేసి పక్కన పెట్టవచ్చు. ఈ పద్నాలుగు రోజులు పెట్టినవాళ్లు మంచివాళ్లు, దయగలవాళ్లు. ముందు కాస్త నొప్పి తగలాలి, తర్వాతే దయ అన్నది వాళ్ల నమ్మకం. మన ఇళ్లలో, సండే స్కూల్లో, హాస్టళ్లలో వినే మాట కాదా ఇది? రెండు తగిలిస్తేగాని బుద్ధి రాదు అంటాం. ఆ రెండు ఎక్కడ ఆగుతాయో ఎవరికీ తెలియదు.

మేరీ కార్పెంటర్ 1866 నుంచి నాలుగుసార్లు మన దేశానికి వచ్చింది. 1876లో ఇక్కడా దిద్దుబాటు బడుల చట్టం వచ్చింది. మద్రాసు రాష్ట్రానికి అలాంటి బడి చెంగల్పట్టులో పెట్టారు. అదే ఊళ్లో, 2022 డిసెంబరు ఆఖరున, రైల్వే బ్యాటరీ దొంగిలించాడన్న అనుమానంతో పట్టుకొచ్చిన పదిహేడేళ్ల అబ్బాయి ప్రభుత్వ బాలుర గృహంలో చనిపోయాడు. అక్కడి సిబ్బంది ఆరుగురిని అరెస్టు చేశారు. తమిళనాడులో ఉన్న మన చదువరులు ఆ వార్త చదివే ఉంటారు.

క్రిస్మస్‌కు కేకులు, అరటిపళ్లు పట్టుకుని ఇలాంటి గృహాలకు మనమూ వెళ్తాం. రెండు పాటలు పాడి, ఫోటో దిగి వస్తాం. మత్తయి 25 చదువుతాం. నేనూ వెళ్లాను. ఒక్కసారి కూడా ఎవరినీ నిన్న రాత్రి ఏం తిన్నావని అడగలేదు. ఒంటి మీద దెబ్బలేమైనా ఉన్నాయా అని చూడలేదు. అడగాలని తోచనే లేదు.

2015 బాలల న్యాయ చట్టం ప్రకారం ప్రతి బాలల న్యాయ మండలిలో మేజిస్ట్రేటుతో పాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలు కూర్చోవాలి, వాళ్లలో ఒకరైనా మహిళ అయి ఉండాలి. పిల్లలతో పనిచేసిన అనుభవం ఉన్నవాళ్లు దరఖాస్తు పెట్టుకోవచ్చు. మన సంఘాల్లో రిటైరైన టీచర్లున్నారు, నర్సులున్నారు, లా చదువుతున్న పిల్లలున్నారు. మీ జిల్లా మండలిలో ఆ రెండు కుర్చీల్లో ఇప్పుడు ఎవరున్నారో మీకు తెలుసా? నేను ఈ వ్యాసం రాయడం మొదలుపెట్టాకే మా జిల్లాలో కనుక్కోవడానికి వెళ్లాను.