నోటికీ వ్యాయామం

వ్యాయామం అనగానే మనకు కాళ్ళూ చేతులే స్ఫురిస్తాయి. నాలుకకు, పెదవులకు, చెక్కిళ్ళకు కూడా కండరాలున్నాయన్న సంగతి గుర్తురాదు. బాలుడు నిత్యం నోటితో ఊపిరి పీలుస్తుంటే “నోరు మూసుకో” అని గద్దిస్తాం. గద్దింపు చికిత్స కాదు. ముక్కులో అడ్డంకి ఉన్నదేమో ముందుగా వైద్యుడు పరీక్షించాలి. అది తొలగినా పాత అలవాటు మిగిలిపోవచ్చు. అప్పుడు పెదవులు మూసి ఉంచడం, నాలుకను అంగిటికి ఆనించడం, గుటక వేసేటప్పుడు నాలుకతో ముందుపళ్ళను నెట్టకపోవడం అభ్యాసంతో నేర్పుతారు. అమెరికా దంతవైద్యుడు ఆల్‌ఫ్రెడ్ రోజర్స్ 1918లోనే ముఖ కండరాల వ్యాయామాలను ప్రతిపాదించాడు. మన వర్ణమాల క్రమం అంతకన్నా ఎంతో ప్రాచీనం. కంఠ్యం మొదలు ఓష్ఠ్యం వరకు అక్షరం పుట్టే చోటును గమనించి కూర్చినది. దానిని శ్రద్ధగా పలికించే ఉపాధ్యాయుడు పిల్లల ఉచ్చారణ దోషాన్ని అందరికంటే ముందే గుర్తించగలడు.

వరంగల్‌లో కాకతీయ వైద్య కళాశాల 1959లో వెలసింది. దాని అనుబంధ మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రికి చుట్టుపక్కల పల్లెల నుండి రోగులు వస్తారు. పక్షవాతంతో మూతి వంకరపోయినవారికి, మింగడం కష్టమైనవారికి ఈ శిక్షణ మరీ అవసరం. అయితే ఇది నెలల తరబడి సాగవలసిన అభ్యాసం. కూలికి పోయే తల్లి బిడ్డను తీసుకొని వారం వారం బస్సెక్కి నగరానికి రాగలదా? కనుక ఫిజియోథెరపిస్టు, స్పీచ్ థెరపిస్టు నెలకొకసారైనా మండల కేంద్రాలకు వెళ్ళాలని నా అభిప్రాయం. వారు నేర్పినదానిని తక్కిన రోజులలో ఇంట్లోనే అద్దం ముందు చేసుకోవచ్చు.